నాలుగో నంబరు బిళ్ళ

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు పోలీసు స్టేషను మెట్లు ప్రైవేటు డిటెక్టివ్ ఎక్కేసరికి, మెకానిక్ తన నేరం ఒప్పుకోవడానికి పెన్ను అడుగుతున్నాడు.

వరండాలో బల్ల మీద అతని అక్క కూర్చుని ఉంది. ఒడిలో మూత తీయని క్యారియర్. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆవిడే.

"లోపల వాడేం చెప్పినా నమ్మకండి మేడమ్," అంది లేచి నిలబడి. "తప్పు ఒప్పుకోవడం వాడికో జబ్బు. చిన్నప్పుడు వీధిలో ఎవరింటి అద్దం పగిలినా, పోనీ నేనేనేమో అని వెళ్లి నిలబడేవాడు. తన్నులు తిని వచ్చేవాడు."

"నిజంగా ఎప్పుడైనా పగలగొట్టాడా?"

"ఒక్కసారి." ఆవిడ క్యారియర్ పిడిని సవరించింది. "అందుకే నా భయం."

లోపల ఇన్స్పెక్టరు కుర్చీ వెనక్కి వాల్చి, వచ్చిన మనిషిని చూసి, వాల్చిన కుర్చీని మళ్లీ ముందుకు తెచ్చుకున్నాడు. అతడు డిటెక్టివ్ చెల్లెలి భర్త. ఇంట్లో ఎంత మర్యాదగా ఉంటాడో స్టేషనులో అంత చిరాగ్గా ఉంటాడు.

"రండి వదినా. మీ చెల్లెలి యోగక్షేమాలు అడగడానికొచ్చారా, నా కేసుకి ఎసరు పెట్టడానికొచ్చారా?"

"మొదటిది పొద్దున ఫోన్లో కనుక్కున్నాను, మరిదిగారూ."

"అయితే రెండోదే." అతడు గోడ గడియారం వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "నాలుగింటికి వీణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సంతకం పెడతానని వాడే అంటున్నాడు. మీరొచ్చింది వాణ్ణి నోరు మూసుకోమని చెప్పడానికైతే, మా పని సగం తగ్గినట్టే. పొద్దుణ్ణించీ వాగుతూనే ఉన్నాడు."

కేసు పైకి చూస్తే చాలా తేలిక. ఏటి లోయ వెంట, అడవి కొండల మీదుగా ఒక పాత బాట ఉంది. ఒకప్పుడు కొండల్లో కొట్టిన దుంగలను ఆ బాటనే ఏటికి దించేవారు. అడవి కొట్టడం నిషేధించి ముప్ఫయ్యేళ్లయింది. ఆ తరువాత బాట మీద సన్న కంకర పరిచి, రెండు కొసలా ఇనుప గేట్లు బిగించి, పన్నెండు కిలోమీటర్ల పొడవునా దాన్ని సైకిళ్లకు వదిలిపెట్టారు. గేటు పక్కన సైకిలు మాత్రమే దూరే సందు ఉంటుంది. మోటారన్నది లోపలికి రాకూడదు. ఆ దారిలో గంటసేపు తొక్కినవాళ్లు, చక్రాల కింద కంకర నలిగే చప్పుడు తప్ప లోకంలో మరో చప్పుడుందన్న సంగతే మరిచిపోతామని చెబుతారు. దూరప్రాంతాల వాళ్లను ఆ దారి వెంట తిప్పే సంస్థ ఒకటి ఆ ఊళ్లో నడుస్తోంది. నిన్న ఉదయం ఎనిమిదింటికి ఏడు సైకిళ్లు బయలుదేరాయి. ముందు గైడు, చివర మెకానిక్, నడుమ అయిదుగురు అతిథులు. కొండ మీది ఊట దగ్గర ఆగి, అక్కణ్ణుంచి ఏటి వంతెన దాకా మూడు కిలోమీటర్ల దిగుడు దిగాలి. ఆ దిగుడులో, వంతెనకు పైనున్న మలుపులో, పది గంటల ప్రాంతంలో రిటైరైన సర్వేయరు ఒకాయన సైకిలుతో సహా లోయలో పడి చనిపోయాడు. సైకిలు ముందు బ్రేకు కేబుల్ పట్టు తప్పి ఉంది. ఆ కేబుల్‌ను బిగించవలసినవాడు మెకానిక్.

ఇరవై రెండేళ్లు కోర్టులో స్టెనోగ్రాఫరుగా ఇతరుల సాక్ష్యాలను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్న డిటెక్టివ్‌కు, తేలిక కేసులంటే అనుమానం. ఆమె స్టూలు లాక్కుని మెకానిక్‌కు ఎదురుగా కూర్చుని, నోటు పుస్తకం తెరిచింది.

"నిన్న పొద్దున షెడ్డులోకి ఎన్నింటికి వెళ్లారు?"

"ఏడింటికి." అతనికి ముప్ఫయ్యయిదేళ్లుంటాయి. గోళ్ల అంచున కడిగినా పోని నల్లటి గీతలు. "ఒకటో నంబరు నుంచి వరసగా చూసుకుంటూ వచ్చాను. రెండ్రోజులు అందరూ గట్టి దిగుళ్లు దిగారు మేడమ్, కేబుళ్లు సాగుతాయి. ముందు బ్రేకు కేబుల్ లాగి, దాన్ని పట్టే బోల్టు కీతో బిగించి, ఒక గీత గీస్తాను."

"ఏం గీత?"

"తెల్ల పెయింటు పెన్నుతో. బోల్టు తల మీంచి కింద బ్రేకు మీదికి అడ్డంగా ఒకటే గీత. బోల్టు కదిలితే గీత విరుగుతుంది. దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. మా నాన్న బస్సు చక్రాలకి అలా గీసేవాడు."

"నాలుగో నంబరు సర్వేయరుగారిది. దాని దగ్గర ఏం జరిగింది?"

మెకానిక్ చేతులు బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ ఉండిపోయాడు. "కేబుల్ లాగి పట్టుకున్నాను. బోల్టు వేళ్లతో తిప్పి నిలిపాను. కీ తీసుకోబోతుంటే బయటినుంచి కేక. వ్యానులోంచి నీళ్ల పీపా దించాలని. వెళ్లాను."

"ఎన్ని నిమిషాలు?"

"పది. పదకొండు."

"అప్పుడు షెడ్డులో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అతిథులూ గైడూ అందరూ తింటున్నారు."

"ఆ పదకొండు నిమిషాలూ నేనూ రాసుకున్నాను," అని ఇన్స్పెక్టరు అందుకున్నాడు. "తిరిగొచ్చాడు, నాలుగు అయిపోయిందనుకుని అయిదో దాని దగ్గర కూర్చున్నాడు. నిన్న సాయంత్రం లాకప్‌లో కూర్చున్నాక గుర్తొచ్చింది వీడికి. కథ అయిపోయింది వదినా."

"అంతేనా?" అని డిటెక్టివ్ మెకానిక్‌నే అడిగింది.

"అంతే మేడమ్. నాలుగో నంబరు బోల్టు నేను బిగించలేదు. ఇప్పటికీ నా వేళ్లకి తెలుస్తోంది, కీ తగిలిన గుర్తు లేదు."

"మరి గీత?"

"బిగించందే గీయను. చచ్చినా గీయను."

ఆ మాట ఆమె అతను పలికినట్టే రాసుకుని, కింద గీటు పెట్టింది. అతని జేబులో దొరికినవన్నీ బల్ల మీద ఒక పళ్లెంలో ఉన్నాయి. బోల్టులు తిప్పే ఎలెన్ కీల గుత్తి, తెల్ల పెయింటు పెన్ను, చేతిగుడ్డ, చిటికెనవేలి గోరంత నల్ల రబ్బరు ముక్క. ఆమె చివరి దాన్ని పెన్ను కొసతో కదిపింది.

"ఇదేమిటి?"

"పంక్చరు పడితే టైరు విప్పకుండా చిల్లులోకి జిగురు రబ్బరు తాడు గుచ్చుతాం. బయటికి మిగిలింది కోసేస్తాం. ఇది ఆ కోసిన ముక్క. ఊట దగ్గర నేల మీద దొరికితే జేబులో వేసుకున్నాను. మా దారిలో చెత్త వదలం మేడమ్."

"ఊట దగ్గరికి మీరు ఎన్నింటికి చేరారు?"

"పదీ అయిదుకి. గేటు దగ్గర దారినపోయే ఒకాయన సైకిలు చైను తెగితే కలుపుతూ ఉండిపోయాను. నేను వెళ్లేసరికి ఊట దగ్గర ఎవరూ లేరు."

"పంక్చరు ఎవరికి పడింది?"

"ఎవరూ చెప్పలేదు. పాత ముక్కేమోననుకున్నా." అతను కాస్త ఆగి, ఇష్టం లేకుండానే నిజం చెప్పాడు. "పాతది కాదు. జిగురు ఇంకా చేతికంటింది."

అతిథుల వాంగ్మూలాలు నాలుగూ, గైడుది ఒకటీ ఫైల్లో ఉన్నాయి. అయిదింటిలోనూ పంక్చరన్న మాట లేదు. ఫైల్లోనే పంచనామా ఉంది. శవం మీది గుర్తుల జాబితాలో పదకొండోదిగా ఇలా రాసి ఉంది: 'ఎడమ చేతి వెనుక భాగాన బాల్‌పెన్నుతో "ముందు బ్రేకు" అను రాత.'

"ఇదేమిటి, మరిదిగారూ?"

"పెద్దాయనకి మతిమరుపు. ఏ బ్రేకు ఎటుందో రాసుకున్నాడు. మా మావగారు కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం కళ్లద్దాల పెట్టెలో పెట్టుకోలేదూ? అలాంటిదే."

"ఆ పెద్దాయన నాకూ తండ్రే," అంది ఆమె పొడిగా. "సైకిలు చూపించండి."

వెనకగదిలో, పాత ఫైళ్ల మూటల మధ్య, బూడిదరంగు సైకిలు గోడకు ఆనించి ఉంది. సంస్థ సైకిళ్లన్నీ ఒకే రంగు, ఒకే తయారీ. ముందు చక్రం వంకరపోయింది. హ్యాండిలుకు సుతిలి తాడుతో కట్టిన గుండ్రటి బిళ్ళ మీద నాలుగు అంకె. డిటెక్టివ్ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని నేల మీద మోకాళ్లూనింది. ముందుగా చేసింది, ఎడమవైపు బ్రేకు లివరు నుంచి బయలుదేరిన కేబుల్‌ను వేలితో తడుముకుంటూ కిందికి రావడం. అది తిన్నగా ముందు చక్రానికే వచ్చింది. చచ్చిపోయిన మనిషి తన చేతి మీద సరిగ్గానే రాసుకున్నాడు. తరువాత టార్చి వెలిగించి బోల్టు మీద వేసి, ఇంకా దగ్గరికి వంగింది.

"మరిదిగారూ, కాస్త వంగండి."

"నడుం నొప్పి. చెప్పండి."

"బోల్టు మీద తెల్ల గీత ఉంది."

ఇన్స్పెక్టరు వంగాడు. బోల్టు తల మీద గీతలో సగం ఉంది. మిగతా సగం కింద బ్రేకు లోహం మీద ఉంది. రెండింటికీ నడుమ పావు చుట్టు ఎడం.

"బిగించి, గీత గీశాకే ఎవరో దీన్ని వదులు చేశారు," అంది ఆమె. "వేళ్లతో నిలిపి మరిచిపోయిన బోల్టు మీద గీత ఎందుకుంటుంది?"

"గీసి మరిచిపోయాడు. మరిచిపోయేవాడు బిగించడం మాత్రమే మరిచిపోవాలా, గీయడం మరిచిపోకూడదా?"

"పడ్డప్పుడు కదిలిందంటారేమోనని భయపడ్డాను. ఇదింకా నయం."

"అదీ అనేవాణ్ణే." అతడు నిటారుగా నిలబడి నడుం పట్టుకున్నాడు. "చూడండి వదినా, చిన్న గీత కనిపిస్తే చాలు, మీరు దాని చుట్టూ కథ అల్లేస్తారు. నాకు ఒప్పుకోలు ఉంది. తన నోటితో తను చెప్పింది."

"ఇరవై రెండేళ్లు ఇతరులు అల్లిన కథలు టైపు కొట్టిన చేతులివి. అల్లడం నాకు రాదు. ఒక్క పని చేయండి. షెడ్డుకెళ్లి మిగతా సైకిళ్లు మీ కళ్లతో మీరే చూడండి. గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయో, దేనికైనా ఇలా విరిగి ఉన్నాయో. నాలుగింటి దాకా టైముంది."

"చూస్తే?"

"చూస్తే మీకే తెలుస్తుంది. నేను చెబితే ఎలాగూ వినరు."

*

రెండూ ఇరవైకి బయలుదేరితే, వంతెన దగ్గర గేటుకు పది నిమిషాలు, అక్కణ్ణుంచి మలుపు దాకా ఎత్తు మీదికి నడక ముప్ఫయ్ నిమిషాలు. జీపు గేటు దగ్గరే ఆగిపోయింది. గైడు అక్కడ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది; రమ్మని డిటెక్టివ్ ముందే కబురు పెట్టింది. మూడు పదుల లోపు వయసు, ఎండకు రాగిరంగు తిరిగిన ముఖం, నిద్ర లేని కళ్లు.

"తొక్కుతారా మేడమ్? మీకూ ఒకటి తెప్పించమంటే…"

"నేను సైకిలు తొక్కి పాతికేళ్లయిందమ్మా. అది నన్ను తొక్కుతుంది. నడుద్దాం."

కింద ఎడమవైపు ఏరు రాళ్ల మధ్య పాయలుగా చీలి పారుతోంది. కుడివైపు అడవి, బాట అంచుదాకా వచ్చి ఆగింది. మనుషుల అడుగుల కిందా, గైడు నడిపిస్తున్న సైకిలు చక్రాల కిందా కంకర కరకరలాడుతోంది. మరే చప్పుడూ లేదు. ఇలాంటి చోట ఒక మనిషి తప్పు చేస్తే దాన్ని పంచుకోవడానికి పక్కన ఎవరూ ఉండరనిపించింది డిటెక్టివ్‌కు.

మలుపులో కంకర లోతుగా, వదులుగా ఉంది. వెనక చక్రం బిగుసుకుపోయి ఈడ్చుకుపోయిన చార ఒకటి మలుపు మొదటి నుంచి లోయ అంచు దాకా సాగింది. డిటెక్టివ్ దాని పక్కనే నడిచింది. పదకొండు అడుగులు. ముందు చక్రం మాత్రం ఎక్కడా బిగుసుకోలేదు. దాని గుర్తు సన్నగా, తిన్నగా, చివరిదాకా దొర్లుతూనే పోయింది.

"ఊట దగ్గర నువ్వూ సర్వేయరుగారూ ఎప్పుడు విడిపోయారు?"

"తొమ్మిదీ యాభై రెండుకి ఆయన ముందు బయలుదేరారు. మిగతావాళ్లు అప్పటికే దిగిపోయారు. నేను…" గైడు హ్యాండిలు మీద పట్టు సవరించుకుంది. "సీసాలు నింపుకుని పదింటికి బయలుదేరాను."

"ఎనిమిది నిమిషాలా? ఎన్ని సీసాలు?"

గైడు చూపు ఏటి వైపు తిప్పుకుంది. డిటెక్టివ్ అప్పుడామె చేతులవైపు చూసింది. సైకిలును మొదటి నుంచీ ఎడమచేత్తోనే నడిపిస్తోంది. కుడి మణికట్టు మీద పాత కుట్ల మచ్చ.

"ఏమైందది?"

"మూడేళ్ల కిందట విరిగింది. గట్టిగా పట్టుకోలేను."

"మరి దిగుళ్లలో ఎలా? బ్రేకు వేయాలి కదా."

"నా బండికి ముందు బ్రేకు ఎడమచేతికి పెట్టిచ్చాడు మా మెకానిక్. మిగతా అన్నిటికీ…" అని గైడు ఆగిపోయింది.

డిటెక్టివ్ ఆమె ఆగిన చోటు నుంచే అందుకుంది. నిదానంగా సైకిలు ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ లివరు నుంచి బయలుదేరిన కేబుల్‌ను వేలితో తడుముకుంటూ వచ్చింది. అది ఫ్రేము వెంట వెనక చక్రానికి పోయింది. ముందు చక్రానికి వచ్చింది కుడి లివరు కేబుల్. దాన్ని పట్టి ఉంచిన బోల్టు తల నున్నగా మెరుస్తోంది. గీత లేదు. రంగు మచ్చ కూడా లేదు. వెనక టైరులోంచి కత్తిరించిన నల్ల రబ్బరు మొన ఒకటి వేలికి తగిలింది.

"హ్యాండిలుకి ఒకటో నంబరు బిళ్ళ ఉంది," అంది లేవకుండానే. "కానీ ఇది నీ సైకిలు కాదు. సర్వేయరుగారిది. మీ మెకానిక్ బోల్టు బిగించడం మరిచిపోయింది దీనికే."

గైడు బాట మధ్యలోనే కూలబడింది. ఏడవలేదు. ఏడుపు నిన్ననే అయిపోయినట్టుంది.

"ఆయన వెనక టైరులో ముల్లు దిగింది," అంది. "పెద్దాయన ఎండలో నిలబడటం ఎందుకని నా బండి ఇచ్చాను. ఇద్దరం ఒకే ఎత్తు. మీరు మెల్లగా దిగుతూ ఉండండి, నేను చిల్లు పూడ్చి దీని మీద వచ్చేస్తానన్నాను. గైడు బండి అతిథికి ఇవ్వకూడదు. ఇస్తే ఉద్యోగం పోతుంది."

"బిళ్ళలు ఎందుకు మార్చావు?"

"అది మా పద్ధతి మేడమ్. బిళ్ళ బండిది కాదు, మనిషిది. అడవిలో ఎవరైనా పడి మాట్లాడలేకపోతే, బిళ్ళ చూసి మనిషెవరో పోల్చుకోవాలి. బండి మారితే ముందు బిళ్ళ మార్చాలి. చేతులు వాటంతటవే మార్చేశాయి."

పోలీసులు నంబరు చూసి సైకిలు పోల్చుకున్నారు. ఆ పద్ధతి తెలిసిన మెకానిక్‌కు సైకిలు చూపించలేదు. అతను మలుపు చేరేసరికి సైకిలు లోయ అడుగున ఉంది, అతను పరుగెత్తింది మనిషి దగ్గరికి. అంతా తెలిసిన గైడు నోరు తెరవలేదు.

"లాకప్‌లో మనిషి నేరం ఒప్పుకుంటుంటే నీకు నిద్రెలా పట్టిందమ్మా?"

"పట్టలేదు." గైడు తల ఎత్తింది. "ఎడమది ముందు బ్రేకు, గుర్తుంచుకోండి అని మూడుసార్లు చెప్పాను ఆయనకి. మరిచిపోయి కుడిది గుంజారు. అందుకే వెనక చక్రం ఈడ్చుకుపోయింది. చంపింది నేనే. ఈ మాట చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు."

డిటెక్టివ్ లేచి చీరకంటిన దుమ్ము దులుపుకుంది. ఆమె గొంతు మొదటిసారి మెత్తబడింది.

"ఆయన మరిచిపోలేదు. నువ్వు చెప్పింది ఎడమచేతి మీద పెన్నుతో రాసుకున్నారు. ఎడమదే ముందు నొక్కారు. లివరు హ్యాండిలుకి అంటుకుపోయింది తప్ప అవతల ఏమీ లేదు. ఆ తరువాతే కుడిది గుంజారు. నీ సైకిలు ముందు బ్రేకు బోల్టు, మీ మెకానిక్ బిగించి గీత గీశాక, ఎవరో పావు చుట్టు వెనక్కి తిప్పారు. అతను నీళ్ల పీపా దించడానికి వెళ్లిన పదకొండు నిమిషాల్లో." కాస్త ఆగింది. "వాళ్లకి సర్వేయరుగారితో ఏ పనీ లేదు. లోయలో పడవలసింది నువ్వు."

గాలికి అడవిలో ఎండుటాకులు కదిలాయి.

"నన్నెవరు చంపుతారు మేడమ్? నాకు శత్రువులెవరూ లేరు. బాకీలు లేవు, తగాదాలు లేవు."

"ఈ వారంలో ఈ దారిలో కొత్తగా ఏం చూశావు?"

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "మొన్న పై గేటుకీ ఊటకీ మధ్య కంకరలో లారీ అచ్చులు చూశాను. జంట టైర్లవి. పక్కనే పొదల చాటున కొత్తగా కొట్టిన మొద్దులు, రంపపు పొట్టు ఇంకా పచ్చిగా ఉంది. గేటు తాళం మాత్రం చెక్కుచెదరలేదు."

"తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయి?"

"ఒకటి అటవీ ఆఫీసులో. ఒకటి మా యజమాని దగ్గర."

"నువ్వు చూసింది ఎవరికి చెప్పావు?"

"సాయంత్రం యజమానికే. ఫొటోలు కూడా చూపించాను. చాలా బాధపడ్డారు. నేను చూసుకుంటానమ్మా, నువ్వెక్కడా అనకు, మన దారికి చెడ్డపేరు వస్తుంది అన్నారు." ఆమె తన మాటలను తనే విన్నది. "ఆయన నన్ను కూతురిలా చూస్తారు మేడమ్."

డిటెక్టివ్ నోటు పుస్తకం తెరిచి, మధ్యాహ్నం రాసుకున్న పుటకు వెళ్లింది. బయటినుంచి కేక. నీళ్ల పీపా. ఎన్ని నిమిషాలు? పది, పదకొండు. అప్పుడు షెడ్డులో ఎవరున్నారు? ఎవరూ లేరు. పుట అంతా తన చక్కని చేతిరాత. ఆ కేక వేసింది ఎవరని మాత్రం ఆమె అడగలేదు. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మనిషిని వదిలేసింది. ఇరవై రెండేళ్లు ఎదుటివాళ్ల తప్పులు పట్టుకున్న మనిషికి తన తప్పు అంత పొందికగా రాసి కనిపించేసరికి, చెంపలు వేడెక్కాయి.

"ఫోను ఎక్కడ పలుకుతుంది?"

"ఆ రాయి మీద. ఆ ఒక్క రాయి మీదే."

డిటెక్టివ్ యాభయ్యేడేళ్ల మోకాళ్లతో రాయెక్కింది. సమయం మూడూ ముప్ఫయ్ ఆరు. ఇన్స్పెక్టరు రెండో మోతకే పలికాడు.

"మీకే చేద్దామనుకుంటున్నాను వదినా. సరే, ఒప్పుకుంటున్నాను, ఇంట్లో మాత్రం చెప్పకండి. షెడ్డులో ఉన్న సైకిళ్లన్నీ చూశాను. అన్నిటికీ గీతలు ఉన్నాయి, ఒక్కటీ చెదరలేదు. పడ్డ సైకిలు గీత ఒక్కటే విరిగింది. నిర్లక్ష్యం కేసు నిలవదు. వాణ్ణి వదిలేశాను."

"ఎప్పుడు?"

"మూడింటికి. పూచీ మీద."

"ఎవరి పూచీ?"

"వాళ్ల యజమానే వచ్చాడు. మంచివాడండీ, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వీడేమో బయటపడగానే, సర్వేయరుగారు పడ్డచోట ఒక్కసారి నిలబడి దండం పెట్టుకోవాలన్నాడు. పద, పై గేటు మీదుగా నేనే తీసుకెళతాను, తాళం నా దగ్గరే ఉందిగా అన్నాడాయన. వాళ్లక్క క్యారియర్ వీడి చేతికిచ్చి ఇంటికెళ్లిపోయింది."

డిటెక్టివ్ రాతిని ఒక చేత్తో పట్టుకుంది. "మరిదిగారూ, జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని చెప్పండి. వెళ్లేముందు వాళ్లిద్దరూ ఏమైనా మాట్లాడుకున్నారా?"

"ఏముంది, మామూలు మాటలు. వీడి సంగతి తెలుసుగా, నోట్లో నువ్వుగింజ నానదు. మెట్లు దిగుతూ నవ్వుతున్నాడు. నిన్న మీరు నీళ్ల పీపా కోసం కేకేసి ఉండకపోతే నాకింత గొడవ లేకపోను సార్ అన్నాడు. ఆయనా నవ్వి, భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లాడు." ఇన్స్పెక్టరు మొండివాడే గానీ తెలివితక్కువవాడు కాడు. "వదినా. షెడ్డు అప్పుడు ఖాళీగా ఉందన్నాడు కదా."

"మనుషుల్ని తీసుకుని పై గేటుకు రండి. అటవీ ఆఫీసు తాళంచెవి అడగండి. ఇవ్వకపోతే తాళం పగలగొట్టండి."

"నాకు ఇరవై నిమిషాలు పడుతుంది."

ఆమె ఫోను దించి, యజమాని మెకానిక్‌ను పై గేటు మీదుగా తీసుకొస్తున్న సంగతి గైడుకు రెండు ముక్కల్లో చెప్పింది. అప్పుడు వినిపించింది. చాలా దూరంగా, పైన, ఊట వైపు నుంచి, చెట్ల మీదుగా జారుతూ వస్తున్న సన్నటి గురగుర. మొదట ఏటి చప్పుడేననుకుంది. కానీ ఏరు కింద ఉంది. చప్పుడు పైనుంచి వస్తోంది. మోటారన్నది అడుగు పెట్టకూడని దారిలో, గేరు మార్చుకుంటూ, ఒక బండి నిదానంగా దిగుడు మొదలుపెట్టింది. తరువాత అది ఆగింది. ఇంజను ఆపలేదు, బండి మాత్రం ఆగింది. తలుపు మూసిన చప్పుడు ఒకటి వచ్చింది.

"ఒక్కటే తలుపు. దిగింది ఒక్కరే," అంది గైడు, తల ఎత్తి వింటూ. "ఊటకి ఇవతల రెండో మలుపు అది. అక్కడ అంచుకి రాళ్లు కూడా లేవు." ఆమె అప్పటికే సైకిలు మీద ఒక కాలు వేసింది. "అడ్డదారిన ఎక్కితే ఆరు నిమిషాలు మేడమ్. మెకానిక్ నా బండికి బ్రేకు ఎడమచేతికి మార్చిపెట్టిన మనిషి."

"ఆగు."

"ఎక్కేటప్పుడు బ్రేకెందుకు మేడమ్."

"దిగాలి కదా."

డిటెక్టివ్ హ్యాండిలు వదల్లేదు. గైడు ఆమె ముఖం చూసి, కాలు దించి, నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఎలెన్ కీ తీసి, మెకానిక్ మరిచిపోయిన బోల్టు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. విరిగి అతికిన కుడిచేతికి పట్టు చాల్లేదు. కీని ఎడమచేతికి మార్చుకుంది. ఒక చుట్టు, ఇంకో అర చుట్టు. పైన ఎవరో మాట్లాడుతున్నారు. మాటలు అందడం లేదు గానీ, మధ్యలో ఒకసారి, దేన్నీ అనుమానించని మనిషి నవ్వు మాత్రం చెట్ల మీదుగా స్పష్టంగా దిగివచ్చింది.

తరువాత ఆ నవ్వు, ఎవరో చేత్తో నొక్కినట్టు, సగంలో ఆగిపోయింది.